వలందుల మాట: డచ్చి సమాసములలో అక్షర విభాగము, ఊనిక

ఇంద్రశత్రువు కథ మన పండితులకు చిరపరిచితము. తన కుమారుడైన విశ్వరూపుని ఇంద్రుడు వధింపగా, ఇంద్రుని చంపగల కొడుకు కావలెనని త్వష్ట యజ్ఞ మొనర్చెను. ఆహుతివేళ అతని నోట వెలువడిన మాట 'ఇంద్రశత్రు' అను సమాసము. దాని కడపటి అక్షరముమీద ఉదాత్తము నిలిపినచో అది తత్పురుషమై 'ఇంద్రుని సంహరించువాడు' అను అర్థ మిచ్చును. మొదటి అక్షరముమీద నిలిపినచో బహువ్రీహియై 'ఇంద్రుడే సంహర్తగా గలవాడు' అను అర్థ మిచ్చును. త్వష్ట నోట స్వరము తప్పినది. పుట్టిన వృత్రుడు ఇంద్రునిచేతనే హతుడయ్యెను. వ్యాకరణ మెందులకు చదువవలెనను ప్రశ్నకు మహాభాష్యారంభమున పతంజలి చూపిన నిదర్శనములలో ఈ కథయు నొకటి.

తెలుగువారి కీ కథ పుస్తకజ్ఞానముగనే మిగిలినది. మన భాషలో ఊనికను చోటు మార్చినంతమాత్రమున మాటకు అర్థము మారదు. మన ఛందస్సు గురులఘువుల కాలపరిమాణముపై నడచునుగాని ఊనికపై నడువదు. వేదస్వరములను గురుముఖమున నేర్చినవారు తప్ప, సమాసపు తలరాత ఒక అక్షరముపై నిలిచిన కంఠబలముచేత నిర్ణీతమగునన్న సంగతిని మనము అనుభవములో నెరుగము. కాని నేటికిని బజారులో, బడిలో, న్యాయస్థానములో ఈ నియమముననుసరించి మాటలాడుకొను ప్రజలు కలరు. వారిలో ఒక జాతి మనకు కొత్తది గాదు. వారే వలందులు.

మచిలీపట్టణములో పరాసుపేట, ఇంగ్లీషుపాలెము ఉన్నట్లే వలందపాలెమును కలదు. 1602లో ఏర్పడిన డచ్చి తూర్పు ఇండియా కంపెనీ 1606లో గోలకొండ సుల్తానుతో ఒడంబడిక చేసికొని మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పినది. పులికాటునందు కోట కట్టుకొన్నది. పాలకొల్లు, ద్రాక్షారామము, భీమునిపట్టణములందు నేతబట్టల వ్యాపారము సాగించినది. ఆనాటి వర్తకుల సమాధులు మన తీరమున ఇంకను నిలిచియున్నవి. వారు బట్టలు కొనుక్కొని పోయిరి, లెక్కలు వ్రాసికొనిరి. వారి భాష మాత్రము మనకు తెలియకయే పోయినది. ఆ భాషలోని ఒక్క గుణమును, సమాసమును అది విరుచు తీరును, దానిమీద ఊనిక నిలుపు తీరును, ఇచ్చట పరిశీలింపవలెనని నా ఉద్దేశము. విషయము చిన్నది. కాని ఒక జాతి తన భాషను శాస్త్రమునకు తగినదిగా ఎట్లు నిరూపించుకొనెనో, దానికి వ్రాతనియమములు కట్టబోయి ఎట్లు తగవులాడుకొనెనో దీనివలన తెలియును.

కంపెనీ కొలువున ఆంధ్రతీరమున పెక్కేండ్లు గడపిన డానియెల్ హవార్ట్ అను నతడు 1693లో ఆమ్‌స్టర్‌డామున కోరమాండలును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. అక్కన్న మాదన్నల వృత్తాంతముకూడ చేరిన ఆ గ్రంథము గోలకొండ చరిత్రకారుల కమూల్యమైనది. దాని పేరు 'ఒప్ ఎన్ ఒండర్‌ఖాంగ్ వాన్ కొర్మండెల్', అనగా 'కోరమాండలు ఉదయాస్తమయములు'. ఈ పేరే మనకు తొలిపాఠము. 'ఒప్‌ఖాంగ్' ఉదయము, 'ఒండర్‌ఖాంగ్' అస్తమయము. రెండును సమాసములే, 'ఒప్' అనగా పైకి, 'ఒండర్' అనగా క్రిందికి, 'ఖాంగ్' అనగా గమనము. గ్రంథకర్త మొదటి సమాసములోని 'ఖాంగ్'ను తొలగించి, 'ఒప్' పక్కన చిన్న అడ్డుగీత నుంచి, రెండవదానిని మాత్రమే పూర్తిగా చెప్పెను. మనము 'ఉద్' అని ఆగి, 'మరియు అధోగమనము' అన్నచో వినువాడు నవ్వును. డచ్చివాడు నవ్వడు. అతని చెవిలో సమాసపు తొలిభాగము నిండైన ఊనికతో వేరుగ నిలుచును. తోడు తొలగినను అది నిలువగలదు.

ఆ భాషలో సమాసమునకు మూలసూత్రములు మూడు. మొదటిది, అర్థమున ప్రధానము కడపటి పదము, లింగవచనములును దానివే. ఇందులో అది మన తత్పురుషమునకు సోదరి. 'గ్రూంటె' కూరగాయ, 'సూప్' చారు. 'గ్రూంటెసూప్' అన్న కూరగాయల చారు. 'సూప్‌గ్రూంటె' అన్న చారులో వేయుటకు తరిగిన కూరగాయ. రెండవది, ప్రధానమైన ఊనిక సాధారణముగా మొదటి పదముపై నిలుచును. రెండవ పదమున కొక చిన్న ఊనిక మిగులును. అనగా అర్థమునకు రాజు చివర కూర్చుండగా, బలమునకు రాజు మొదట కూర్చుండును. మూడవది, అక్షర విభాగమున రెండు పదములకు నడుమనున్న గట్టు చెరగదు.

రెండవ సూత్రపు ప్రయోజనము నొక్క ఉదాహరణముచే చూడవచ్చును. 'క్లైన్' అనగా చిన్న, 'కింట్' అనగా బిడ్డ. రెండింటికిని వేరువేరుగ ఊనిక నిచ్చి పలికినచో 'చిన్న బిడ్డ' అని అర్థము. 'క్లైన్'మీదనే ఊనిక నిలిపి 'కింట్'ను దాని నీడన పలికినచో అది సమాసమై 'మనుమడు' లేక 'మనుమరాలు' అను అర్థ మిచ్చును. వర్ణము లవియే, అక్షరములు రెండే. మాట మారినది, చుట్టరికము మారినది. అట్లే 'రోట్' అనగా ఎఱ్ఱని, 'బోర్స్ట్' అనగా ఱొమ్ము. వానిని కలిపి తొలిపదముపై ఊనిక నిలిపినచో ఎఱ్ఱని ఱొమ్ముగల ఒక చిన్న పిట్టకు పేరగును. మన పరిభాషలో ఇది బహువ్రీహి. ఇచ్చట మాత్రము పాణినీయమునకును డచ్చికిని భేదము కలదు. వైదికభాషలో తత్పురుషమునకు ప్రాయికముగ కడపట, బహువ్రీహికి మొదట ఉదాత్తము. డచ్చిలో రెండింటికిని ఊనిక మొదటనే. అది విడదీయునది సమాసమునుండి వాక్యమును మాత్రమే.

మూడవ సూత్రము మనకు మరింత వింతగ తోచును. మన భాషలో రెండు పదములు కలిసినప్పుడు సంధి నడుమ గట్టును తెంచివేయును. 'దేవ' 'ఆలయము' కలిసి దేవాలయము. ఆ 'వా' అను అక్షరము మొదటి పదమునకు చెందినదా, రెండవదానికి చెందినదా యని అడిగిన సమాధానము లేదు. 'మేనల్లుడు' అనుటలో 'న' ఎవరిది? ఇరువురిదియును. డచ్చివారి కట్లు గాదు. వారి భాషలో పదాంతమున 'డ' నిలువదు, 'ట'గ మారును. సాయంకాలమునకు పేరు 'ఆవొంట్'. వ్రాతలో కడపట 'డ' యున్నను పలుకులో 'ట'. బహువచనప్రత్యయము చేరినంతనే ఆ 'డ' తిరిగివచ్చి 'ఆవొండెన్' అగును, ఏలన అచ్చు తోడుకాగా ఆ హల్లు పదాంతమును వదలి తరువాతి అక్షరమునకు పోయినది. ఇక 'ఏటెన్' అనగా భోజనము. 'ఆవొంట్', 'ఏటెన్' కలిసి రాత్రి భోజనమను సమాసమైనప్పుడు, ఇచ్చటను వెనుక అచ్చే యున్నది గదా, 'డ' తిరిగి రావలయునుగదా యని మనకు తోచును. రాదు. 'ఆవొంట్‌ఏటెన్' అనియే పలుకుదురు. గట్టు చెరగలేదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి యక్కరలేదు. వాక్ శబ్దము ఈశ శబ్దముతో కలిసిన మనము వాగీశుడందుము; అచ్చు సోకినంతనే పరుషము సరళమగును. డచ్చిలో దానికి సరిగా ఎదురు.

అట్లని ఆ భాషలో సంధి బొత్తిగా లేదనరాదు. 'జాక్' అనగా జేబు, 'దూక్' అనగా గుడ్డ. చేతిరుమాలునకు 'జాక్‌దూక్' అని వ్రాసి 'జాగ్దూక్' అని పలుకుదురు. వాక్, దేవి కలిసి వాగ్దేవి యగుట ఎట్టిదో ఇదియు నట్టిదే. హల్లు హల్లును సోకినప్పుడు రంగు పులుముకొనును, కాని గట్టు దాటదు. నీటికిని నేలకును నడుమ గట్టు వేసికొని బ్రతుకు దేశమున పదములకును పదములకును నడుమ గట్టుండుట సహజమేమో యని చమత్కరింపవచ్చును. కాని ఇది జర్మానిక భాషలలో పెక్కింటికి ఏదో యొక రూపమున కలదు.

ఈ గుణమును మొట్టమొదట గర్వకారణముగ చూపినవాడు వ్యాకరణవేత్త గాడు, గణితవేత్త. 16వ శతాబ్దపు ఉత్తరార్ధమున స్పెయినుపై పోరాడుచున్న ఆ దేశమున పండితుల భాష లాటిను. దేశభాష సంతకును, వంటింటికిని మాత్రమే తగినదని పలువుర అభిప్రాయము. 1584లో ఆమ్‌స్టర్‌డాములోని ఒక కవిసమాజము డచ్చి వ్యాకరణమును సంభాషణరూపమున రచించి లైడెన్‌లో అచ్చువేయించెను. 'త్వే స్ప్రాక్' అను ఆ గ్రంథమునకు హెండ్రిక్ లౌరెన్స్ స్పీఖెల్ కర్త యని ప్రతీతి. అటు రెండేండ్లకు, 1586లో, బ్రూజ్ నగరమున పుట్టి లైడెన్ చేరిన సీమొన్ స్టెవిన్ తూనికశాస్త్రముపై ఒక గ్రంథము ప్రకటించెను. ఆ గ్రంథమునకు ముందు దేశభాషా గౌరవమును గూర్చి ఒక ఉపన్యాసము చేర్చెను.

స్టెవిన్ వాదము లెక్కల మనిషి వాదము. శాస్త్రమునకు కావలసిన భాష క్రొత్త భావమునకు క్రొత్త మాటను సులువుగ కట్టగలది. సమాసము దీర్ఘము కాకుండవలెనన్న విడిపదములు పొట్టివై యుండవలెను. కావున ఏ భాషలో ఏకాక్షరపదము లెక్కువో ఆ భాష శాస్త్రమునకు తగినది. ఇట్లు చెప్పి ఊరకుండక అతడు లెక్కించెను. ఉత్తమపురుష ఏకవచన క్రియలలో ఒక్క అక్షరముతో ముగియునవి డచ్చిలో 742 అనియు, లాటినులో 5 మాత్రమే యనియు, గ్రీకులో 45 అనియు చూపెను. నామములకు, ఇతర పదములకును వేరుగ పట్టికలు వేసెను. ఏకాక్షరపదమే ఉత్తమమని ఏ శాస్త్రమును చెప్పదు. ఆ మాటకు వచ్చిన తమిళము, తెలుగు, సంస్కృతము ఏకాక్షరములపై ఆధారపడకయే శాస్త్రములను మోసినవి. కాని స్టెవిన్ పట్టికల వెనుక నున్న మర్మము వేరు. పొట్టిపదములు రెండు కలిసినప్పుడు మొదటిదానిపై ఊనిక పడి, నడుమ గట్టు స్పష్టముగ వినబడును. విన్నవాడు నిఘంటువు వెదకక విడదీసికొనగలడు. శాస్త్రపదము తన అర్థమును తానే చెప్పుకొనును.

తన గ్రంథపు పేరులోనే అతడీ పని చేసి చూపెను: 'వేఖ్' అనగా తూచు, 'కొన్‌స్ట్' అనగా విద్య, 'వేఖ్‌కొన్‌స్ట్' తూనికవిద్య. గణితమునకు అతడు పెట్టిన పేరు 'విస్‌కొన్‌స్ట్', అనగా నిశ్చయవిద్య. ఈ పేరే రెండవ పదము మారి 'విస్‌కుండె'గ నేటికిని ఆ దేశపు ప్రతి పాఠశాలలోను వినబడుచున్నది. యూరపులోని ఇతర జాతులనేకము గ్రీకుమాటనే వాడుకొనుచుండగా డచ్చిపిల్లవాడు తన ఇంటిమాటతోనే గణితమును పిలుచును. 1600లో రాకుమారుడు మౌరిట్స్ లైడెన్‌లో సైనికశిల్పులకు దేశభాషలో గణితము బోధించు పాఠశాల నెలకొల్పగా దానికి పాఠక్రమమును నిర్ణయించినవాడు స్టెవినే. శాస్త్రపదములను మన మాటలతో కట్టవలెనా, పరభాషలనుండి తేవలెనా యని పరిభాషా సంఘములలో మనము చేసిన చర్చలను తలచుకొన్నచో, నాలుగువందల యేండ్లకు పూర్వము ఒక్కడు పట్టికలు ముందుంచుకొని ఈ ప్రశ్నను తేల్చబూనెనన్న సంగతి మనకు ఉత్సాహకరము.

పదునేడవ శతాబ్దమున ఊనిక కవిత్వమునకును పునాది యయ్యెను. 1616లో డచ్చి కవితాసంపుటము ప్రకటించిన డానియెల్ హైన్సియస్ మొదలగువారి చేతిలో, అక్షరసంఖ్యతోపాటు ఊనిక ఎత్తుపల్లములను క్రమపరచిన పద్యము స్థిరపడినది. అట్టి పద్యమున సమాసము సులువుగ ఇముడదు. బలమైన అక్షరమును వెన్నంటి మరియొక అర్ధబలమైన అక్షరము రాగా, ఒకటి విడిచి ఒకటిగ నడువవలసిన నడక తడబడును. ఆ తడబాటును తప్పించుటయో, దానినే అందముగ మలచుటయో కవి నేర్పు. యతిస్థానమున సమాసపదము విరిగినప్పుడు మన కవులు పడు పాటు ఇట్టిదే.

కవులు చెవితో నెరిగినదానిని శాస్త్రముగ చెప్పినవాడు లాంబెర్ట్ టెన్ కాటె. ఆమ్‌స్టర్‌డాము వాసియైన ఇతడు 1723లో రెండు పెద్ద సంపుటములలో డచ్చి భాషాచరిత్ర రచించెను. పురాతన గోథిక్ మొదలగు సోదరభాషలతో పోల్చి, ఆ భాషాకుటుంబమున ఊనిక మాటయొక్క ధాతుభాగముపై నిలుచునని చూపెను. ఊనిక అలంకారము గాదు, మాట పుట్టుకకు గుర్తు అని అతని భావము. తులనాత్మక భాషాశాస్త్రము పుట్టుటకు ఇంకను నూరేండ్లు పట్టునన్న సంగతి గమనించిన అతని సూక్ష్మదృష్టి తెలియగలదు.

తొలిపదముపై నిలిచిన ఊనికకు రెండు ముఖములున్నవి. ఒకటి కట్టునది, మరియొకటి కొరుకునది. మొదటి అక్షరమునకు బలమంతయు పోయినకొలది వెనుకటి అక్షరము క్షీణించును. తరములు గడచిన, వాడుక మిక్కుటమైన, సమాసపు రెండవ పదము గుర్తింపరానంతగ అరిగిపోవును. 'వైన్' ద్రాక్షారసము, 'ఖార్ట్' తోట. ద్రాక్షతోటకు 'వైన్‌ఖార్ట్' అనిరి. అదియే అరిగి 'వింగర్ట్' అయి ద్రాక్షతీగకు పేరయ్యెను. నేటివాని చెవికి అందులో ద్రాక్షయు లేదు, తోటయు లేదు. 'యోంక్' అనగా పడుచు, 'వ్రౌ' అనగా స్త్రీ; కలిసి 'యోంక్‌వ్రౌ', అరిగి 'యఫ్రౌ'. మన 'మేనల్లుడు'లో సంధి చేసిన పనిని అచ్చట కాలమును ఊనికయు కలిసి చేసినవి. సంధిలో గట్టు కలిసినంతనే తెగును. వారిలో శతాబ్దముల కోతచే తెగును.

నియమమును ధిక్కరించి నిలిచిన సమాసములును కలవు. నగరసభాభవనమునకు 'స్టాట్‌హౌస్' అని పేరు. 'స్టాట్' పట్టణము, 'హౌస్' ఇల్లు. దానిలో ఊనిక రెండవ పదముపై పడును. నగరాధ్యక్షుడగు 'బుర్ఖెమేస్టర్'లో ఊనిక 'మేస్టర్'పై నిలుచును. ఆమ్‌స్టల్ నదిపై కట్టిన ఆనకట్టచే పేరువడిన ఆమ్‌స్టర్‌డాములోను, రొట్టె నదిపై ఆనకట్టచే పేరువడిన రొటర్‌డాములోను ఊనిక కడపటి 'డామ్'పైననే. పరదేశి ఆ నగరముల పేర్లను మొదటి అక్షరముపై ఒత్తి పలికిన అచ్చటివారు తత్‌క్షణమే గుర్తింతురు.

ఇంతవరకు చెవి సంగతి. వ్రాతలోనికి వచ్చునప్పటికి కలహము మొదలగును. డచ్చి లిపిలో అక్షర విభాగము తెలియనిదే ఒక్క మాటయైనను సరిగా వ్రాయజాలము. చెట్టునకు 'బోమ్' అని పేరు. అక్షరము హల్లుతో మూసికొనుటచే దీర్ఘమును తెలుపుటకు 'ఓ' గుర్తును రెండుమార్లు వ్రాయుదురు. బహువచనమున 'బో-మెన్' అని విడిపోగా తొలి అక్షరము తెరచికొనును, గుర్తు ఒక్కటే చాలును. 'బొమ్' అనగా బాంబు. దాని బహువచనమున హ్రస్వమును కాపాడుటకు 'మ'ను జంటగ వ్రాయవలెను. ఇట్లు ప్రతి మాటలోను అక్షరపు తలుపు మూసియున్నదా, తెరచియున్నదా యని చూచుకొనుచు వ్రాయుట వారి విధి.

పంక్తి చివర మాట విరుగవలసివచ్చినప్పుడు ఈ విధి మరింత కఠినమగును. తెలుగు అచ్చుకూర్పరి ఏ అక్షరము తరువాతనైనను పంక్తిని ముగింపవచ్చును, పాఠకుడు పట్టించుకొనడు. డచ్చి అచ్చుకూర్పరి సమాసమును దాని గట్టుకడనే విరువవలెను. అందులకు అతడు అర్థ మెరుగవలెను. 'డైక్‌రాంప్' అని వరుసగ నున్న వర్ణములను 'డైక్-రాంప్' అని విరిచిన కరకట్ట విపత్తు. 'డై-క్రాంప్' అని విరిచిన తొడ నరము పట్టివేయుట. 'క్వార్ట్-స్లాఖెన్' అన్న పావువంతు మలుపులు. 'క్వార్ట్స్-లాఖెన్' అన్న స్ఫటికశిలా స్తరములు. వర్ణక్రమమున ఆవగింజంతయు భేదము లేదు. ఇట్టి జంటలు అచ్చటి బడిపిల్లలకు వినోదము. కాని మొదటిది వట్టి వినోదము గాదు. 1953 జనవరి 31 రాత్రి, ఫిబ్రవరి 1 తెల్లవారుజామున ఉత్తరసముద్రము పొంగి కరకట్టలు తెగగా ఆ దేశమున 1836 మంది మరణించిరి. ఆ విపత్తునకు వారు పెట్టిన పేరు 'వాటర్స్‌నోట్‌రాంప్'. 'వాటర్' నీరు, 'నోట్' ఆపద, 'రాంప్' విపత్తు, నడుమ 'స' కారము అతుకు. మూడు పదముల ఆ సమాసమున ఊనిక మొట్టమొదటి అక్షరముపైన, 'నీరు' అను మాటపైన, పడును. ఆ తరమువారికి ఆ ఊనిక వ్యాకరణనియమముగ మాత్రమే వినబడెనని నేను తలంపను.

పందొమ్మిదవ శతాబ్దమున వ్రాతనియమములు రాజ్యవిషయములయ్యెను. 1804లో లైడెన్ ఆచార్యుడు మత్తైస్ సీఖెన్‌బేక్ రచించిన నియమములను ప్రభుత్వము స్వీకరించెను. 1849లో ఘెంట్ నగరమున ఉత్తర దక్షిణ ప్రాంతముల పండితులు సమావేశమై మహానిఘంటువు నిర్మింప సంకల్పించిరి. దానికై మత్తియాస్ డ వ్రీస్, టె వింకెల్ అను నిరువురు 1860 ప్రాంతమున ఒక వ్రాతపద్ధతిని ఏర్పరచిరి. బెల్జియము 1864లోను, నెదర్లాండు ప్రభుత్వము 1883లోను దాని నంగీకరించినవి. నిఘంటువు తొలిభాగము 1864లో వెలువడి, పని 1998లో ముగిసెను. ఆరంభించినవారి మనుమలును దాని ముగింపు చూడలేదు. ఇంతలో 1891లో కొల్లవైన్ అను పండితుడు తమ వ్రాత మిక్కిలి కష్టమైనదనియు, పలుకుబడికి దగ్గరగ దిద్దవలెననియు ఉద్యమము లేవదీసెను. అతని కోరికలలో పెక్కు 1946లో బెల్జియమునను, 1947లో నెదర్లాండునను శాసనములయ్యెను. గిడుగు రామమూర్తిగారి కాలమునకును ఈ ఉద్యమమునకును గల సామ్యము పాఠకులు గుర్తింపకపోరు.

1954లో ఆకుపచ్చ అట్టతో ఒక పదపట్టిక వెలువడెను. 'పచ్చపుస్తకము' అనియే దానికి పేరు నిలిచినది. సమాసములకు సంబంధించిన పెద్ద తగవు ఇందుండి పుట్టినది. రెండు పదముల నడుమ డచ్చివారు ఒక్కొకప్పుడు 'ఎ' అను అతుకు నుంతురు. ఆ అతుకు తరువాత 'న' వ్రాయవలెనా, వలదా? పచ్చపుస్తకపు నియమము ప్రకారము తొలిపదమునకు బహువచనార్థము తప్పనిసరియైన 'న' వ్రాయవలెను. కోళ్లగూటిలో కోళ్లు పలువున్నవి గనుక 'కిప్పెన్‌హొక్'. పెనముపై కాల్చిన అట్టునకు పెనము ఒక్కటి చాలును గనుక 'న' లేని 'పన్నెకూక్'. చారులోనికి ఎన్ని కోళ్లు పోయినవో లెక్కించి వర్ణక్రమము నేర్వవలెనా యని జనులు పరిహసించిరి. 1980లో ఒడంబడికచే ఏర్పడిన ఉభయదేశ భాషాసంఘము 1995లో క్రొత్త పట్టిక వెలువరించి, విడిగా తొలిపదపు బహువచన రూపమెట్టిదో చూచి 'న' వ్రాయుడని విధించెను. 1996 ఆగస్టు నుండి అది అమలయ్యెను. అట్టునకు 'న' చేరినది. సూర్యుడొక్కడే గనుక ఎండకును, సూర్యకాంతపుష్పమునకును 'న' చేరలేదు. తొలిపదము జంతువై, మలిపదము మొక్క పేరైనచో 'న' కూడదని మరియొక మినహాయింపు పెట్టిరి. కావున 'గుఱ్ఱపుపువ్వు' అను అర్థము గల 'పార్డెబ్లూమ్' తప్పించుకొన్నది. 2005లో మరల ఒక పట్టిక వచ్చి ఆ మినహాయింపును రద్దుచేయగా 'పార్డెన్‌బ్లూమ్' అయినది. విసిగిన కొన్ని ప్రముఖ పత్రికలు ఆ పట్టికను పాటింపమని ప్రకటించినవి. 2006లో వారికొరకు 'తెల్లపుస్తకము' వెలువడెను.

ఈ కలహములో విచిత్రమేమనగా, తగవు జరిగిన 'న'కారమును ఆ దేశమున అధికసంఖ్యాకులు పలుకనే పలుకరు. పదాంతమునను, అతుకునందును అది వ్రాతలో నుండి నోట నశించును. ఈశాన్యప్రాంతములలో మాత్రము వినబడును. 1954కు ముందును, 1996కు తరువాతను అట్టు తినువాడు మూడే అక్షరములతో, మొదటిదానిపై ఊనికతో ఆ మాట పలికెను. శాసనములు మారినవి, పుస్తకముల అట్ట రంగులు మారినవి. చెవిలోని గట్టు కదలలేదు.

ఆ గట్టునకును, ఆ ఊనికకును వినువాని మనస్సునందు గల చోటును ఇటీవలి పరిశోధకులు ప్రయోగములచే చూపిరి. 'వోర్‌నామ్' అను వర్ణముల కూర్పును తొలిభాగముపై ఒత్తి పలికిన అది సమాసమై మనిషికి పెట్టిన పేరు అను అర్థ మిచ్చును. మలిభాగముపై ఒత్తిన 'గౌరవనీయుడు' అను విశేషణమగును. నైమేఖెన్ నగరములోని మాక్స్ ప్లాంక్ సంస్థలో ఆన్ కట్లర్ అను విదుషి తన సహచారిణితో కలిసి ఇట్టి జంటలపై పరిశోధించి 2001లో ఫలితములు ప్రకటించెను. డచ్చివారి వినికిడిలో ఇవి ఏకరూప పదములు గావనియు, మాట ముగియకముందే వారు ఊనికను బట్టి అర్థమును వేరుపరచుకొందురనియు తేలినది. త్వష్ట యాగశాలలో దేవతలు వినిన తీరున నైమేఖెన్ శ్రోతలును వినుచున్నారు.

చివరకు మన ఇంటి మాట కొకదానికి వచ్చెదను. 'హాలండు' అను పేరే పూర్వమొక సమాసము. 'హోల్ట్' అనగా అడవి, 'లాంట్' అనగా నేల. అడవినేల యని ఆ సీమకు తొలుత పేరు. ఊనిక మొదటి అక్షరముపై నిలిచినది, నడుమ 'ట'కారము అరిగినది, గట్టు తెగినది, అడవి మరుగుపడినది. ఆ అరిగిన మాటయే ఓడలమీద తూర్పుసముద్రము దాటి మచిలీపట్టణపు రేవున దిగి, తెలుగునోట 'వలందు' అయినది. మనము దానికి మన 'పాలెము'ను చేర్చి మరియొక సమాసము కట్టుకొంటిమి. వలందులు పోయిరి, వారి వర్తకశాలలు పోయినవి, హవార్ట్ వర్ణించిన గోలకొండ ప్రభుత్వము 1687లో అస్తమించినది. వలందపాలెమను పేరు పలుకునప్పుడెల్ల ఆ అడవినేలలోని ఒక తునక తెలుగువాని నాలుకపై నిలుచుచునే యున్నది.